టోకెన్ పేరు చందువ

తెల్లవారుజామున నాలుగింటికి ఫిషింగ్ హార్బర్‌లో
మా వ్యాన్ ఆగే చోటు ఖాయం.
ఐసు మిల్లుకీ టీ బడ్డీకీ మధ్య,
వలలు బాగుచేసే ముసలాళ్ళ వీపులే మాకు ప్రహరీ.
వ్యాన్ మీద బోర్డు లేదు.
ఉండేది, తీయించేశాం.
చదవడం వచ్చినవాళ్ళు చూసి అటు తిరిగి నడిచేవాళ్ళు,
రానివాళ్ళకి ఎవరో ఒకరు
పైకి చదివి పెట్టేవాళ్ళు.

ఇదివరకు నేను పెద్దాసుపత్రిలో చేసేదాన్ని.
ఓపీ చీటీ ఒక చోట, ముద్ర ఇంకో చోట,
ఆ తర్వాత ఎక్స్‌రే గది వెనక పొడుగాటి నడవా,
చివర నా కిటికీ.
ఆ నడవాలోకి ఎడమకి తిరిగితే చాలు
ఎందుకొచ్చాడో
బల్లల మీద కూర్చున్న అందరికీ తెలిసిపోయేది.
పదకొండింటికి తెరిచి ఒంటిగంటకి మూసేవాళ్ళం.
అక్కడిదాకా రావాలంటే
ఒకరోజు కూలి వదులుకోవాలి.

ఒకరోజు ఒక కుర్రాడు,
షిప్‌యార్డ్‌లో కాంట్రాక్టు పని, కనుబొమ్మల మీద వెల్డింగ్ మసి.
చీటీ నా ముందుకి తోశాడు.
ఫ్యాను చప్పుడు. నాకు ఆకలి.
"ఎక్కడ పుండు? గట్టిగా చెప్పు" అన్నాను.
గట్టిగా చెప్పలేదు.
మెల్లగానూ చెప్పలేదు.
చీటీ బల్ల మీదే ఉండిపోయింది.
దాని మీద పేరుంది. ఇక్కడ రాయను.
వయసు ఇరవై రెండు.

అందుకే ఈ వ్యాన్‌లో పేర్లు అడగను.
నంబర్లూ వద్దంది మా ఆయా దేముడమ్మ.
"నంబరేస్తే పోలీసు కేసునాగుంటాదమ్మా" అని
అట్టముక్కల మీద నాచేత చేపల పేర్లు రాయించింది.
వంజరం, కానాగంత, పండుగప్ప, చందువ, సొర.
సొర కోసం మగాళ్ళు పోటీ పడతారు.
నెత్తళ్ళు వస్తే మొహం మాడ్చుకుంటారు.
పక్కవాడు నవ్వుతాడు, వీడూ నవ్వుతాడు,
నవ్వే మనిషి వేలు సూదికి బిగుసుకోదు.

బీపీ, షుగరు, వాటితో పాటు ఇదీ.
ఒక బొట్టు రక్తం, పట్టీ మీద రెండు చుక్కల ద్రావణం,
పదిహేను నిమిషాలు.
బయట రొయ్యల గుట్ట మీద పాట నడుస్తుంటుంది,
మూడొందలు, మూడూ యాభై, నాలుగు!
ఈ రేవులో ఏదీ గుసగుసగా జరగదు
వ్యాన్‌లో మేం చెప్పే ఆ ఒక్క మాట తప్ప.

మొన్న చందువ వచ్చింది.
తట్ట బయట దించి, చెంగుతో చేతులు తుడుచుకుంది.
అయినా మణికట్టు దగ్గర రెండు పొలుసులు
మెరుస్తూనే ఉన్నాయి.
పట్టీ మీద రెండో గీత
వస్తుందా రాదా అన్నట్టు, లేతగా, వచ్చింది.
చెప్పాను. మందుంది, డాక్టరమ్మ సూది వేస్తుంది, నయమైపోతుంది అని.
"ఎవులి నుంచొచ్చిందో అడగవేటి?"
అడగనన్నాను.
కాసేపు ఇద్దరం బయటి పాట విన్నాం.

సూది వేశాక అరగంట కూర్చోమంటే
వలల కుప్ప మీద కూర్చుని టీ తెప్పించుకుంది,
నాకూ ఒకటి.
"మా ఇంటాయన బోటు పైవారం వొస్తాది.
దిగీ దిగ్గానే బ్రాందీ షాపుకెల్లిపోతాడు.
దానికన్నా ముందు మీ బండి తెరుస్తారా?"
తెరుస్తాం.
"అయితే ఆడికి సొర ఇయ్యి."

సొర అట్టముక్క తీసి విడిగా పెట్టాను.

వచ్చే నెల నుంచి షిప్‌యార్డ్ గేటు దగ్గర కూడా ఆగుతాం,
రాత్రి షిఫ్టు వదిలే వేళకి.
అక్కడ చేపల పేర్లు కుదరవు.
సినిమా హీరోల పేర్లు పెడదామంది దేముడమ్మ,
వద్దన్నాను, కొట్టుకు చస్తారు.
ఇంకా ఆలోచిస్తోంది.

ఆ పాత చీటీ నా సంచీ లోపలి అరలో ఉంది,
మడత దగ్గర చిరుగుతోంది.
అతనికి తిరిగి ఇవ్వాలంటే
పేరు పెట్టి పిలవాలి.
పిలవను.
వచ్చినవాళ్ళ కనుబొమ్మలు చూస్తాను.